పర్లాకిమిడి అరుగు మీద సవర పాఠం

అంకులిలో పొద్దున్నే బస్సెక్కండి. బరంపురం పేటల్లో ఇదొకటి. పక్క సీట్లో పెద్దావిడ కండక్టరుతో ఒడియాలో బేరమాడుతుంది, ఫోనులో కూతురితో తెలుగులో మాట్లాడుతుంది, చిల్లర లెక్కపెట్టేటప్పుడు మళ్ళీ ఒడియా. ఇచ్ఛాపురం వచ్చేసరికి ఆంధ్రలో ఉంటారు. సోంపేట, పలాస, టెక్కలి. అక్కడ పెద్దరోడ్డు వదిలి పాతపట్నం మీదుగా పోతే పర్లాకిమిడి, అంటే మళ్ళీ ఒడిశా. ఒక్కపూటలో రాష్ట్రాల గీత రెండుసార్లు దాటారు. 1936 ఏప్రిల్ 1కి ముందు ఆ గీత లేదు. ఇదంతా మద్రాసు రాష్ట్రంలోని ఒకే ఒక్క గంజాం జిల్లా.

ఇంకొంచెం వెనక్కి రండి. 1890లు అనుకోండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో, కాబట్టి మీరు దిగింది ఎడ్లబండిలోంచి. నడుము పట్టేసింది. సంతరోజు. కొండల మీంచి దిగిన సవరలు చింతపండు, పసుపు, అడ్డాకులు కావిళ్ళలో మోసుకొస్తున్నారు. మగవాళ్ళ గోచీ కొంగు వెనక మోకాళ్ళదాకా వేలాడుతోంది. బేరం మాత్రం వాళ్ళ భాషలో జరగదు. మధ్యలో దుబాసీ ఒకడు. అటు ఒక ధర, ఇటు ఒక ధర చెప్పి తేడా తను ఉంచుకుంటాడు. సవర తెలియని షావుకారికీ, తెలుగు తెలియని సవరకీ మధ్య అతనిదే రాజ్యం.

మీరు వెళ్ళాల్సిన ఇల్లు రాజావారి బడిలో పాఠం చెప్పే పంతులుగారిది. గిడుగు వెంకట రామమూర్తి, ముప్పై దాటిన మనిషి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టాడు, విజయనగరంలో చదివాడు, 1880లో ఇక్కడ ఉద్యోగానికి వచ్చాడు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం గురువు లేకుండానే నేర్చుకున్నాడు. రాళ్ళ మీద భాష చాలలేదు కాబోలు, మనుషుల నోట్లో భాష మీద పడ్డాడు.

అరుగు మీద కూర్చోండి. ఇక్కడ జరిగేది సంస్థ పనే, కానీ సంస్థ లేదు. బోర్డు లేదు, చందా పుస్తకం లేదు, కార్యవర్గం లేదు. ఖర్చు బడిపంతులి జీతంలోంచి. పనివాళ్ళు ఎవరంటే: పంతులుగారు, ఆయన ఇంట్లో ఉండి భాష నేర్పే మనిషి, కొండ దిగి వచ్చి ఇక్కడే తిని చదువుకునే సవర పిల్లలు, వాళ్ళందరికీ వండిపెట్టే ఇల్లు. ఆ కాలపు బ్రాహ్మణ వీధిలో సవర పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వ్యాకరణం రాయడం కంటే అదే కష్టమైన పని అంటాను నేను.

పాఠం మొదలైంది. ఎలా జరిగి ఉంటుందో ఆయన పుస్తకం చూసి ఊహించుకోవచ్చు. తలకు నూనె రాసుకోవడం గురించి పంతులుగారు అడుగుతున్నారు. మనకైతే మూడు మాటలు: తలకి, నూనె, రాసుకుంటాను. ఎదుటి మనిషి ఒక్క ఊపిరిలో అనేశాడు: జోమెబోబ్‌దెమ్తెనాయ్. పంతులుగారు మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాడు. ఎక్కడ ఆగుతాడా అని చూస్తే ఆగలేదు. రాయడం, నూనె, తల, తనకి తాను, ఇకముందు, నేను, అన్నీ వరసగా ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఎక్కడ విరగ్గొట్టాలో తెలియడానికి అలాంటి మాటలు వందలు వినాలి. నూనె బదులు ఇంకోటి పెట్టి చూడాలి, తల బదులు చెయ్యి పెట్టి చూడాలి. పంతులుగారు తప్పు పలికినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వుతారు. పొద్దున బడిలో వాళ్ళలాంటి పిల్లలకి తప్పులు దిద్దిన మనిషి సాయంత్రం వాళ్ళచేత దిద్దించుకుంటున్నాడు. ఆ తలనూనె మాట తర్వాత 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర వ్యాకరణంలోకి ఎక్కింది. అక్కడినుంచి ప్రపంచ భాషాశాస్త్ర గ్రంథాల్లోకి పోయింది. క్రియలోకి నామవాచకాలు చొచ్చుకుపోవడానికి ఉదాహరణ కావాలంటే ఇప్పటికీ శాస్త్రజ్ఞులు దీన్నే చూపిస్తారు.

ఇంకో చిక్కుంది. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగిపోయే శబ్దం ఒకటుంది. మన యాభై ఆరు అక్షరాల్లో దానికి చోటు లేదు. తెలుగు లిపిలోనే వాచకాలు, కథలు, పాటలు రాసుకుంటూ వచ్చి, చివరికి శాస్త్రజ్ఞులు వాడే ధ్వనిలిపి దాకా వెళ్ళాడాయన.

సెలవులొచ్చాయి. మీరూ వెంట నడవండి. కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది, దోమలు ముసురుతాయి. ఊళ్ళో జీలుగు కల్లు, రాగి అంబలి. మట్టిగోడ మీద చనిపోయినవాళ్ళ కోసం వేసిన బొమ్మలు. రాత్రి ఒక స్త్రీ పూనకంలో కూర్చుని చనిపోయినవాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది, బతికున్నవాళ్ళు జవాబు చెబుతారు, వాదిస్తారు, ఏడుస్తారు. కొండ దిగిన కొన్నాళ్ళకి వణుకు. మన్యం జ్వరం. దానికి క్వైనా. మళ్ళీ కొండ, మళ్ళీ జ్వరం, మళ్ళీ క్వైనా. ఆ మందు ఆయన చెవులు తినేసింది. శబ్దాల్ని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడొచ్చింది, పోయేదాకా పోలేదు. ఆ తర్వాత అరుగు మీద పాఠం చెవి దగ్గర అరిచి చెప్పిందే.

1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు సవరల భాగంలో ఈ పంతులుగారి సమాచారం వాడుకున్నాడు. పుస్తకాలు రాసినందుకు మద్రాసు ప్రభుత్వం డబ్బిస్తానంటే ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నాడు. రావు సాహెబ్ బిరుదు 1913లో వచ్చింది.

మనకి గిడుగు అంటే వ్యావహారిక భాషోద్యమం. 1906-07 ప్రాంతంలో యేట్స్ దొర బడుల ఇన్‌స్పెక్టరుగా విశాఖకి రావడం, పిల్లలకి చెప్పే తెలుగుకీ పిల్లలు మాట్లాడే తెలుగుకీ పొంతన ఏమిటని అడగడం, గిడుగు, గురజాడ రంగంలోకి దిగడం, ఈ కథ అందరికీ తెలుసు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికి ఆయన ఎన్నో ఏళ్ళుగా సవరల ముందు కూర్చుని ఉన్నాడు. లిపి లేదు, నన్నయ లేడు, చిన్నయసూరి లేడు. అయినా ఆ భాషకి వ్యాకరణం ఉంది, అది నోటిలో ఉంది. పండితుడు దిద్దకపోయినా భాష సలక్షణంగా నడుస్తుందని ఆయన కళ్ళారా, చెవులారా చూశాడు. వాడుక తెలుగు మీద ఆయనకి అంత ధీమా ఎక్కడిదని ఎవరైనా అడిగితే నేను యేట్స్ దొర వైపు కాదు, ఈ అరుగు వైపు చూపిస్తాను.

1936. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అటు పోయింది. అది నచ్చని గిడుగు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయాడు. యాభై ఆరేళ్ళ కాపురం. అదే ఏడాది కొండల మీద మంగెయ్ గొమాంగో అనే సవర తన భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి కల్పించాడు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. గిడుగు సవర నిఘంటువు 1938లో వచ్చింది. 1940 జనవరి 22న ఆయన పోయాడు. కొడుకు సీతాపతి ఆ పని ముందుకు తీసుకుపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత పసిఫిక్ మధ్యలో, హవాయి విశ్వవిద్యాలయంలో, డేవిడ్ స్టాంప్, పట్రీషియా డొనెగన్ సవరతో సహా ముండా భాషల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ భాషల మీద ఎవరు రాసినా గిడుగు పేరు తప్పదు. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్ళు 4 లక్షలు దాటారు.

నేను చదివిన తెలుగు వాచకాల్లో గిడుగు పాఠం ఉంది, ఆయనకి సవర నేర్పినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఊరూరా సభలు పెడతాం, దండలు వేస్తాం. సభలు జరిపేవాళ్ళకి ఒక్క మనవి. ఈసారి వేదిక మీద ఒక కుర్చీ సవర మాట్లాడే మనిషికి ఇవ్వండి, మైకు కూడా ఇవ్వండి. సీతంపేట వైపు అడిగితే వస్తారు.