గుంబద్ లేని మసీదు

మన ఇళ్లల్లో రోజూ వినే 'మౌసమ్' అరబ్బీ నుంచి వచ్చిన మాట. అరబ్ నావికులు గాలివాటం చూసుకుని జహాజులు నడిపే కాలాన్ని 'మౌసిమ్' అనేవారు. 'మాన్సూన్' పుట్టింది కూడా దాంట్లోంచే.

ఆ గాలులే వాళ్లను తిజారత్ కోసం మలబారుకు తెచ్చాయి. అక్కడి కోళికోడ్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్ల పైనే బారిష్. మన హైదరాబాద్‌లో సుమారు 800. వానాకాలం ముదిరితే జహాజులు ఆగిపోయేవి. గాలి మారేదాకా ఇంతెజార్. కొందరు అక్కడే నికాహ్ చేసుకుని ఉండిపోయారు. ఆ ఖాందాన్లూ, ఇస్లాం స్వీకరించిన స్థానికులూ కలిసి మాప్పిళ్ల సమాజం అయింది.

14వ శతాబ్దంలో నాఖుదా మిస్కాల్ అనే జహాజుల మాలిక్ కోళికోడ్‌లో కట్టించిన మసీదు చూడండి. గుంబద్ లేదు, మినార్లు లేవు. చెక్క అంతస్తులు, వాలు పెంకుల కప్పు. 1510లో పోర్చుగీసులు నిప్పు పెట్టినా నిలబడింది. ఇవాళ్టికీ దాని కప్పు వాలుగానే ఉంది.

అక్కడి పిల్లలకు వానంటే బెదురు లేదు. కేరళలో బడులు తెరిచేదే జూన్‌లో, తొలి వానలతో. అయితే ఆ ఆదత్ ఒక్క సబర్‌తో రాలేదు. ముందు పెద్దలు కప్పు వాలుగా వేశారు, నీళ్లకు దారి వదిలారు. చెరువుల్లో ఇళ్లు కట్టుకుని వానను తిట్టే మనం మన ఔలాద్‌కు ఏం నేర్పుతున్నట్టు?