చతురంగ గృహముల మహాసంఖ్య – పావులూరి మల్లన పద్యము



18446744073709551615. ఇరువది అంకెల ఈ మహాసంఖ్యను మన పెద్దలు ఒక చంపకమాలలో నిలిపి కంఠస్థము చేసిరి. ఆ పద్యము సారసంగ్రహ గణిత కర్తయైన పావులూరి మల్లన పేర ప్రసిద్ధము. ఆయన 11వ శతాబ్దివాడని సంప్రదాయము. ఆ తెలుగు గ్రంథమునకు మూలము, 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము.

చదరంగపు తొలి గడిలో ఒకటి, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు 64 గడులు నింపగా వచ్చు మొత్తమే ఈ సంఖ్య. శశి యనగా 1, వేదములు 4, శరములు 5, గగనము 0. ఇట్టి భూతసంఖ్యలను ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు పేర్చవలెను. ఆ ఒకటిని 20 మిల్లీగ్రాముల బియ్యపుగింజగా భావించినచో, మొత్తము మోయుటకు మా విశాఖ ఆటోనగరులో నిలుచు పది టన్నుల లారీలు సుమారు 3,690 కోట్లు కావలెను.

64-బిట్ గణకయంత్రములో ఋణచిహ్నము లేని గరిష్ఠ పూర్ణసంఖ్య కూడ ఇదియే. అంతమాత్రమున మల్లనకు గణకయంత్రము తెలియునని ప్రచారము చేయుట తగదు. రెండు చోట్లను రెండు 64 మారులు గుణింపబడుచున్నది, కావున ఫలమొక్కటే. నిజమైన వైభవము పద్ధతిలో నున్నది.

వేదాంగమైన ఛందస్సులో లఘుగురు భేదములను లెక్కించుటకు పింగళాచార్యుడు సగము చేయుట, వర్గించుట అను ఉపాయమును చెప్పెను. 64ను ఆరు మారులు సగము చేయగా 1 మిగులును. కనుక రెండును ఆరు మారులు వర్గించిన చాలును: 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. ఇందు ఒకటి తీసివేయగా మన సంఖ్య సిద్ధించును.

మరియొక విశేషము. రెండుకును, తొలి ఐదు వర్గములకును ఒక్కొక్కటి కలిపిన 3, 5, 17, 257, 65537, 4294967297ల గుణకారఫలము సరిగా ఈ సంఖ్యయే. వీనిలో చివరిది అవిభాజ్యమని 17వ శతాబ్దమున ఫెర్మా భావించెను. 1732లో ఆయిలర్ అది 641, 6700417ల లబ్ధమని నిరూపించెను. మహానుభావుని మాటయైనను గణితము ముందు పరీక్షకు నిలువవలసినదే.

మన పద్యమును కూడ అట్లే పరీక్షింపవచ్చును. అంకెల మొత్తము 87. తొమ్మిదిచే భాగింప శేషము 6. రెండును ఆరు మారులు గుణించిన 64. దాని శేషము 1. అందుచే 64 మారుల గుణకారమున శేషము 16కు కలుగు శేషమే, అనగా 7. ఒకటి తీయగా 6. పాఠాంతరమున ఏ ఒక్క అంకె మారినను, 0కును 9కిని కలుగు మార్పు తప్ప, ఈ శేషము చెడును.

శ్రద్ధ యనగా పరీక్షకు వెఱచుట కాదు. పూర్వుల వాక్కును లెక్కవేసి చూచి, సత్యమని తెలిసికొని శిరసావహించుట. కాగితము, కలము తీసికొని పిల్లలచే ఆ ఆరు వర్గములు వేయించుడు. ఫలము సరిపోయిన నాడు ఆ పద్యము వారి సొంతమగును.

శుభం భూయాత్.