కాలం చెల్లిన తుపాకి: నల్లమల అంచున సైనికాయుధాల సేకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సైన్యాలు వాడి వదిలిన పాత రైఫిళ్ళను కొని దాచుకోవడం పాశ్చాత్యదేశాల్లో స్థిరపడిన వ్యాసంగం. తెలుగునేలపై ఇటువంటి సేకరణ అభిరుచిగా ఎదగలేదు. ఇక్కడ తుపాకిని పోగుచేసినవారు ప్రభువులు, తిరుగుబాటుదారులు, పోలీసులు. అర్ధవీడు, కంభం, గిద్దలూరు ప్రాంతం కేంద్రంగా ఈ సేకరణచరిత్రను పరిశీలించడం, .303 రైఫిలును ఒక లిఖితాధారంగా చదవవచ్చునని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అర్ధవీడు, నల్లమల, .303 రైఫిలు, ఆయుధచట్టం, ఇషాపూర్, మ్యూజియం.

ఉపోద్ఘాతం:

తుపాకి అన్న మాట తెలుగుది కాదు. తుర్కీ, పారశీక భాషల మీదుగా దక్కనుకు వచ్చి మన వ్యాకరణంలో ఒదిగిపోయింది. ఫిరంగి అన్న మాటలో దాన్ని తెచ్చిన పరంగివాడి పేరే ఉంది. ఆయుధం వచ్చిన దారిని ఆయుధం పేరే చెబుతున్నది. అయితే 'సైన్యానికి అక్కరతీరి మిగిలిన తుపాకి' అన్న అర్థానికి తెలుగులో ఒక్క మాట లేదు. సైన్యంలో మిగిలినది పౌరుని ఇంటికి చేరే మార్గం ఇక్కడ ఎన్నడూ లేకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

కంభం వైపు క్షేత్రపర్యటనల్లో, మీ ఊళ్ళో పాతకాలపు తుపాకి ఎవరింట ఉండేదని పెద్దలను అడిగేవాడిని. ఎక్కువమంది మాట మార్చారు. అర్ధవీడు దగ్గర ఒక వృద్ధుడు మాత్రం సూటిగానే అన్నాడు: "ఆ సంగతొక్కటి అడగబాకండి సార్, ఇంకేమైనా అడగండి." అడవి అంచున దశాబ్దాలపాటు రెండువైపులా తుపాకులను చూసిన ఊళ్ళలో ఈ మౌనం అర్థం కానిది కాదు. మౌఖికాధారం దొరకని ఇటువంటి చోట వస్తువే సాక్ష్యం చెప్పాలి. ఆ వస్తువు ఇప్పుడు ఎక్కడుంది అన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

దత్తమండలం, కర్నూలు కోట:

1800లో నిజాం కుంఫిణీకి వదులుకున్న దత్తమండలాల్లో కంభం ప్రాంతం ఉంది. తొలుత కడప జిల్లాలోను, 1858 నుంచి కర్నూలు జిల్లాలోను ఉండి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో ఎదుర్కొన్న మొదటి సమస్య పాలెగాళ్ళ ఆయుధబలం. కట్టుబడి బంట్లను తగ్గించడం, కోటలను నిర్వీర్యం చేయడం, శిస్తు విధించడం ఒకే పాలనావిధానంలో భాగాలుగా సాగాయి. ఆయుధాల సేకరణ అన్నది ఈ నేలపై ఆ విధంగా నిరాయుధీకరణ రూపంలో మొదలైంది.

పొరుగునే ఉన్న కర్నూలులో దీనికి విరుద్ధమైన దృశ్యం కనబడుతుంది. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో కుంఫిణీ సైన్యం 1839లో కోటను స్వాధీనం చేసుకుంది. ఫిరంగులు, గుండ్లు, మందుగుండు పెద్దఎత్తున బయటపడ్డాయి. జొహరాపురం దగ్గర పట్టుబడిన నవాబును తిరుచిరాపల్లికి పంపారు. ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. ఇంత సామగ్రి కూడబెట్టినవాడు నిజంగా యుద్ధం తలపెట్టాడా, లేక ఆయుధాలపై మోజు పడ్డాడా? చరిత్రకారులు ఎక్కువగా మొదటి వైపే మొగ్గారు. నాకు రెండోదాన్ని పూర్తిగా తోసివేయాలని అనిపించదు. రాజాస్థానాల్లో ఆయుధశాల ధనాగారం లాగే ప్రతిష్ఠకు గుర్తు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగాన్ని చూసినవారికి, ప్రభువుల సేకరణలో యుద్ధావసరం ఎక్కడ ముగిసి అలంకారం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమని తెలుస్తుంది. కానీ కుంఫిణీ దృష్టిలో ఆ తేడాకు విలువ లేదు. సేకరణే నేరానికి రుజువైంది.

ఏడేళ్ళ తర్వాత, 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడిచేసి గిద్దలూరు వైపు అడవుల్లోకి వచ్చినప్పుడు ఈ ప్రాంతం నేరుగా యుద్ధరంగమైంది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను ముప్ఫయ్యేళ్ళపాటు అక్కడే వేలాడదీసి ఉంచారు.

ఒక తరం వెనకటి తుపాకి:

1857 తర్వాత బ్రిటిషు ప్రభుత్వం సిపాయి చేతికి తెల్లసైనికుని ఆయుధంకంటే ఒక తరం వెనకటిది ఇవ్వడం విధానంగా పెట్టుకుంది. తెల్లసైనికునికి మార్టినీ-హెన్రీ అందినప్పుడు సిపాయికి స్నైడర్ మిగిలింది. సిపాయి వదిలినది పోలీసుకు దిగింది. మిగులు ఆయుధం అన్న భావనకు మన దేశంలో తొలి రూపం ఇదే. ఇతర దేశాల్లో మిగులు అంగడికి చేరితే, ఇక్కడ అది అధికారశ్రేణిలో మెట్టుమెట్టుగా కిందికి జారింది.

1878లో లిట్టన్ ప్రభుత్వం దేశభాషాపత్రికల చట్టాన్ని, ఆయుధచట్టాన్ని తెచ్చింది. తెలుగు పరిశోధకులు మొదటిదాన్ని తరచు ప్రస్తావిస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు. ఒకే ఏడాది భారతీయుని కలానికీ తుపాకికీ అనుమతి అవసరమైంది. పత్రికలచట్టం రిపన్ కాలంలోనే రద్దయింది. ఐరోపావారికి మినహాయింపులిచ్చి భారతీయునికి లైసెన్సు తప్పనిసరి చేసిన ఆయుధచట్టం మాత్రం, కాంగ్రెసు సభల్లో ఎన్ని తీర్మానాలు వచ్చినా, మార్పులతో 1959 దాకా నిలిచింది.

లీ-ఎన్‌ఫీల్డ్ ఈ నేపథ్యంలోనే వచ్చింది. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన యంత్రాంగం, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం కలిసి దాని పేరయ్యాయి. తూటా వ్యాసం .303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. పోలీసులనుంచి పల్లెజనం దాకా అందరికీ అది 'త్రీ నాట్ త్రీ'. 1907లో వచ్చిన మార్క్-3 నమూనాను బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారం దశాబ్దాలపాటు తయారుచేసింది. పది తూటాల మ్యాగజైను, ప్రతి కాల్పుకూ వెనక్కిలాగి ముందుకు తొయ్యవలసిన బోల్టు, నాలుగు కిలోల బరువు.

వీటిలో కొన్నింటిని ఇషాపూర్‌లోనే .410 మస్కెట్లుగా మార్చారు. గొట్టాన్ని నున్నగా చేసి, మ్యాగజైను పనిచేయకుండా అడ్డుపెట్టి, ఒక్కో తూటా పెట్టి కాల్చేటట్లు కుదించి, కావలివారికి, పోలీసులకు ఇచ్చారు. పోలీసు తుపాకి తిరుగుబాటుదారు చేతికి పోయినా సైన్యపు తూటా అందులో పనికిరాకూడదు. తన పోలీసునే నమ్మని ప్రభుత్వపు అనుమానానికి ఇనుపరూపం ఈ మస్కెట్టు.

తిరుగుబాటుదారుని జాబితా:

ఆ అనుమానం నిరాధారం కాదని 1922 ఆగస్టులో తేలింది. అల్లూరి సీతారామరాజు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై వరుసగా దాడిచేశాడు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. తీసుకున్న ఆయుధాల వివరం రాసి సంతకంతో స్టేషన్లో వదిలి వెళ్ళాడన్నది ప్రసిద్ధం. పరిశోధకులు ఈ చర్యను సాధారణంగా సాహసానికి నిదర్శనంగా చెబుతారు. నాకు అందులో ఒక గ్రంథపాలకుని పద్ధతి కనిపిస్తుంది. ఏది ఎక్కడినుంచి ఎప్పుడు తీసుకున్నారో నమోదు చేయడమే కదా సేకరణకు మొదటి నియమం. స్టేషను రికార్డు రాజ్యం రాసే చరిత్ర. దానిలోకి తిరుగుబాటుదారు తన చేతిరాతతో ప్రవేశించాడు. తర్వాతి దాడుల నాటికి స్టేషన్లలో ఆయుధాలు మిగల్చకూడదని పోలీసులు గ్రహించారు.

తెలంగాణలో మరొక తరహా చరిత్ర సాగింది. సాయుధపోరాట దళాలు దొరల గడీలనుంచి తెచ్చిన బర్మారు తుపాకులతో మొదలై, క్రమంగా రైఫిళ్ళ దాకా వచ్చాయి. అదే కాలంలో నిజాం ప్రభుత్వం ఆయుధాలకోసం బయట వెతికింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అక్కరతీరిన ఆయుధాలు, విమానాలు లోకమంతటా అమ్మకానికి ఉన్నాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ మీదుగా హైదరాబాదు రాజ్యానికి రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. యుద్ధానంతరపు మిగులు ఆయుధవ్యాపారం తెలుగునేలను నేరుగా తాకిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. సెప్టెంబరులో భారతసైన్యం ప్రవేశించాక అయిదు రోజుల్లో కథ ముగిసింది.

పిట్టలదొర ఈ చరిత్రపై జానపదుని వ్యాఖ్య. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టెతుపాకి, నోట కోటలు దాటే గొప్పలు. తుపాకి రాముడన్న పేరు ఆయనదే. అసలు తుపాకి ముట్టుకోవడానికి వీల్లేని జనం కట్టెతుపాకిని ఊరూరా తిప్పి నవ్వుకున్నారు.

నల్లమలలో:

నల్లమలలో 1980ల తర్వాతి రెండు దశాబ్దాల చరిత్రను నక్సలైటు ఉద్యమం నిర్దేశించింది. పోలీసులనుంచి లాక్కున్న .303లు దళాల చేతుల్లోకి, ఎదురుకాల్పుల తర్వాత, లొంగుబాట్ల తర్వాత మళ్ళీ పోలీసుల చేతుల్లోకి మారాయి. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళాలు ఆధునిక ఆయుధాలు చేపట్టినా మండలస్థాయి స్టేషన్లలో త్రీ నాట్ త్రీ చాలాకాలం కొనసాగింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన శాంతిచర్చలకు మావోయిస్టు ప్రతినిధులు నల్లమలనుంచే వచ్చారు. ఆ చర్చల్లో ఎంతకీ తెగని ముడి భూమి ఒక్కటే కాదు. దళాలు ఆయుధాలతో గ్రామాల్లో తిరగవచ్చునా లేదా అన్నది మరొకటి. 2005 జనవరికి ప్రయత్నం విఫలమైంది. తుపాకి రకాన్నిబట్టి నగదు ప్రకటించిన లొంగుబాటు పథకాలు ఆయుధానికి ఒక విచిత్రమైన ధరలపట్టికను తయారుచేశాయి. పాశ్చాత్యదేశాల్లో సేకర్తలు చూసుకునే ధరలపుస్తకానికి మన ప్రాంతంలో సాటి అదే.

చట్టం, సేకర్త, ఆధారం:

అమెరికాలో పరిస్థితి వేరు. యుద్ధానంతరం ఐరోపా సైన్యాల పాత రైఫిళ్ళు అక్కడి దుకాణాల్లో చవకగా దొరికేవి. 1963లో కెనడీ హత్యకు వాడినది టపాలో తెప్పించుకున్న ఇటలీ సైన్యపు పాత కార్కానో రైఫిలు. దుర్బిణితో కలిపి దాని ధర 20 డాలర్ల లోపే. 1968 చట్టం అటువంటి దిగుమతులను నిలిపివేసింది. 1980లలో పురాతన వస్తువుల పేరిట కొంత సడలింపు వచ్చింది. ఆ దారిన ఇషాపూర్ రైఫిళ్ళు కూడా అమెరికా సేకర్తల ఇళ్ళకు చేరాయి. అక్కడ స్థిరపడిన తెలుగువాడు చట్టబద్ధంగా కొని గోడకు తగిలించుకోగల భారతీయ తుపాకిని అర్ధవీడులో ఉన్నవాడు తాకలేడు.

మన 1962 ఆయుధనియమావళి .303, 7.62 మి.మీ. సైనిక తూటాలు పట్టే రైఫిళ్ళను, .410 మస్కెట్లను నిషిద్ధశ్రేణిలో ఉంచింది. పౌరుల కోసం మన ఆయుధకర్మాగారాలు .315 రైఫిలును తయారుచేశాయి. దాని యంత్రాంగం లీ-ఎన్‌ఫీల్డుదే, తూటా వేరు. మస్కెట్టును కుదించిన ఆలోచనకు ఇది స్వతంత్రభారత రూపం. ఒక వ్యక్తి ఉంచుకోగల లైసెన్సు తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడునుంచి రెండుకు తగ్గించింది. రెండు తుపాకులతో సేకరణ అనిపించుకునేదేమీ ఉండదు. ఎన్నికలు రాగానే అవి కూడా స్టేషనులో అప్పగించవలసిందే. ఈ కట్టుదిట్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. రెండు తుపాకుల మధ్య నలిగిన ఊళ్ళను చూసినవారెవరూ తుపాకుల అంగడి కావాలని కోరరు.

నా ఆక్షేపణ మరొకచోట ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్రదినోత్సవ కవాతుతో .303కు వీడ్కోలు చెప్పారు. మిగతాచోట్లా అది క్రమంగా తప్పుకుంటున్నది. వాడుకనుంచి తొలగిన రైఫిలు పౌరులకు అమ్మకానికి రాదు, ధ్వంసం చేయడమే ఆనవాయితీ. ధ్వంసమయ్యేది ఇనుమూ కర్రా మాత్రమే కాదు. ఇషాపూర్ రైఫిలు కుడిపక్క లోహపట్టీపై కిరీటం, చక్రవర్తి పేరు పొడి అక్షరాలు, కర్మాగారం, నమూనా, సంవత్సరం ముద్రించి ఉంటాయి. గణతంత్రం వచ్చాక కిరీటం స్థానంలో అశోకసింహాలు వచ్చాయి. మార్క్-3 పక్కన నక్షత్రం గుర్తుంటే అది మొదటి ప్రపంచయుద్ధపు ఒత్తిడిలో సరళీకరించిన నమూనా. బోల్టుపై సంఖ్య, గొట్టంపై సంఖ్య ఒకటి కాకపోతే మరమ్మతు జరిగినట్లు. మడమకర్రపై తర్వాత చెక్కిన గుర్తులు ఏ దళానికి చెందిందో చెబుతాయి. రాజు పేరు, సంవత్సరం, దాత, గ్రహీత: శాసనం చదివినవారికి ఈ క్రమం కొత్తది కాదు.

చట్టంలో ఇందుకు చోటు లేకపోలేదు. 1959 చట్టం 45వ సెక్షను, కాలం చెల్లినదై లేదా పురావస్తువిలువ కలదై, మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని ఆయుధాన్ని చట్టపరిధినుంచి మినహాయించింది. 1972 పురావస్తు చట్టం నూరేళ్ళు దాటిన వస్తువును పురావస్తువుగా గుర్తిస్తుంది. మన్యంలో సీతారామరాజు దాడులు చేసిన నాటి తుపాకి ఏదైనా మిగిలి ఉంటే దానికి ఇప్పటికే నూరేళ్ళు నిండాయి. గొట్టాన్ని శాశ్వతంగా మూసి, బోల్టును పనికిరాకుండా చేసి, జిల్లాకు రెండుమూడు నమూనాలనైనా ప్రభుత్వ మ్యూజియాలకు ఇవ్వవచ్చు. అది కుదరనిచోట కోతకు పంపేముందు ప్రతి రైఫిలు ముద్రలనూ ఛాయాచిత్రం తీసి, స్టేషను ఆయుధాల రిజిస్టరు నకలుతో జతపరచి రాష్ట్ర ప్రాచ్యలిఖిత భాండాగారానికి పంపవచ్చు. ఆ రిజిస్టర్లలో తుపాకి సంఖ్య పక్కన అది వచ్చిన తేదీ, ఎక్కడినుంచి వచ్చింది, పోయినదైతే ఎప్పుడు పోయింది, తిరిగి దొరికినదైతే ఏ ఊరి దగ్గర దొరికింది అన్న వివరాలు ఉండాలి. కంభం, అర్ధవీడు, గిద్దలూరు, దోర్నాల స్టేషన్ల రిజిస్టర్లతో ఈ పని ప్రారంభించవచ్చు.