కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అభ్యాసం - హైదరాబాదు

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అభ్యాసం అనగా కంప్యూటరు చేత ఒక పనిని చేయించడానికి అవసరమైన ఆదేశాలను క్రమపద్ధతిలో రాయడం నేర్చుకోవడం. ఇటువంటి ఆదేశాల వరుసను ప్రోగ్రాము అంటారు. తెలుగులో దీనికి క్రమణిక అనే మాట కూడా వాడుకలో ఉన్నది. 1990ల నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల యువత ఉద్యోగం కోసం ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి హైదరాబాదుకు రావడం ఒక సామాజిక విశేషంగా మారింది. అమీర్‌పేట ఇందుకు పేరుపడగా, నగరం నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్, నారాయణగూడ, అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు కళాశాలలకు, గ్రంథాలయాలకు, పుస్తకాలకు కేంద్రాలు. ప్రోగ్రామింగ్ ఎందుకు నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగు మాధ్యమంలో చదివినవారు నేర్చుకోగలరా అనే ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

హైదరాబాదుకు, కంప్యూటర్లకు ఉన్న సంబంధం హైటెక్ సిటీ కంటె పాతది. 1967లో హైదరాబాదులో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.), 1969లో వెలువడిన టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశం నుండి నిష్క్రమించినప్పుడు, దేశంలో మిగిలిన ఆ సంస్థ యంత్రాల నిర్వహణ బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థ అయిన సి.ఎం.సి. స్వీకరించింది. సి.ఎం.సి.కి హైదరాబాదులో పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉండేది. రైల్వే టికెట్ల రిజర్వేషనును కంప్యూటరీకరించిన ఘనత కూడా ఈ సంస్థదే. ఇది 2015లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైంది. 1987లో సత్యం కంప్యూటర్స్ హైదరాబాదులో ప్రారంభమైంది. 1998వ సంవత్సరంలో సైబర్ టవర్స్ ప్రారంభోత్సవం, అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ఐ.ఐ.ఐ.టి.) స్థాపన, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం రాక ఒకేసారి జరిగాయి.

2000 సంవత్సరం సమస్యగా పేరుపొందిన వై2కె కారణంగా 1990ల చివర పాత కోబాల్ ప్రోగ్రాములను సరిచేసే పనికి అమెరికాలో గిరాకీ పెరిగింది. సంవత్సరాన్ని నాలుగు అంకెలకు బదులు రెండే అంకెలతో దాచుకోవడం ఈ సమస్యకు మూలం. 2000లో "00" అనే అంకెలను యంత్రం 1900గా భావించే ప్రమాదం ఏర్పడింది. కొన్ని నెలల శిక్షణతో విదేశీ ఉద్యోగం లభిస్తుందనే నమ్మకం ఈ కాలంలోనే బలపడింది. సమస్య తీరిపోయి, 2000-01లో డాట్‌కామ్ సంస్థలు పతనమయ్యేసరికి, ఒకే పరికరాన్ని బట్టీపట్టి నేర్చుకున్నవారు ఇబ్బంది పడ్డారు. మూలసూత్రాలు తెలిసినవారు జావా వంటి కొత్త భాషలకు మారగలిగారు. ప్రారంభకులకు ఈ చరిత్ర నేర్పే పాఠం ఇదే: గిరాకీ ఉన్న పరికరాలు మారుతూ ఉంటాయి, ఆలోచనా పద్ధతి మాత్రం నిలిచి ఉంటుంది.

ఎందుకు నేర్చుకోవాలి

ఉద్యోగం ఒక ముఖ్య కారణమే గాని అది ఒక్కటే కాదు. ప్రోగ్రామింగ్ వలన కలిగే ప్రయోజనాలను ఈ విధంగా చెప్పవచ్చును.

* పనిని విడగొట్టే నేర్పు: పెద్ద సమస్యను చిన్న చిన్న అంచెలుగా విభజించి, ఒక్కొక్క అంచెను సందిగ్ధతకు తావులేకుండా చెప్పడం అలవాటవుతుంది.
* సొంత వృత్తిలో ఉపయోగం: చిట్టా లెక్కలు చూసే గుమాస్తా, ఫలితాలు క్రోడీకరించే ఉపాధ్యాయుడు, గణాంకాలు పరిశీలించే వ్యవసాయ పరిశోధకుడు గంటల తరబడి చేసే పనిని చిన్న ప్రోగ్రాముతో క్షణాలలో ముగించవచ్చును.
* తెలుగు భాషకు మేలు: లేఖిని వంటి తెలుగు టైపింగు ఉపకరణాలు, తెలుగు ఖతులు, తెలుగులో గ్నూ/లినక్స్ రూపొందించిన స్వేచ్ఛ సంస్థ కృషి మొదలైనవన్నీ ప్రోగ్రామింగ్ తెలిసిన తెలుగువారి వలన సాధ్యమైనవే. తమ భాషకు కావలసిన ఉపకరణాన్ని ఆ భాష తెలిసినవారే చక్కగా తయారు చేయగలరు.
* యంత్రం చెప్పినదానిని పరిశీలించే శక్తి: 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత, అడిగిన వెంటనే ప్రోగ్రాము రాసి ఇచ్చే కృత్రిమ మేధ ఉపకరణాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దీనితో ఇక ప్రోగ్రామింగ్ నేర్చుకోనవసరం లేదనే అభిప్రాయం కొందరిలో ఏర్పడింది. అయితే ఈ ఉపకరణాలు తప్పు సమాధానాన్ని కూడా ఒప్పు అన్నంత ధీమాగా ఇవ్వగలవు. ఆ తప్పును పట్టుకోవాలంటే చదివి అర్థం చేసుకునే పరిజ్ఞానం తప్పనిసరి.

తెలుగు మాధ్యమ విద్యార్థులు

ఇంగ్లీషు రాదు కనుక ప్రోగ్రామింగ్ రాదు అనే భయం తెలుగు మాధ్యమంలో చదివినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ భయం కొంతవరకే సహేతుకం. 1989 నాటి ప్రమాణం ప్రకారం సీ భాషలో ఉన్న కీలక పదాలు 32 మాత్రమే. పైథాన్ భాషలో ఇవి సుమారు 35. అనగా భాష నేర్చుకోవడానికి గుర్తుంచుకోవలసిన ఇంగ్లీషు మాటలు ఒక పుటకు మించవు. తార్కికంగా ఆలోచించడం ఏ భాషలోనైనా చేయవచ్చును. ఇంగ్లీషు అవసరం నిజంగా ఎదురయ్యేది దోష సందేశాలను, వివరణ పత్రాలను చదివేటప్పుడు, ఆపై ఇంటర్వ్యూలలో. కనుక ప్రోగ్రామింగును ఆపకుండా, ఇంగ్లీషు చదవడాన్ని దానితోపాటు పెంచుకోవడం మేలైన మార్గం.

దేశభాషలో ఉన్నత విద్య హైదరాబాదుకు కొత్త కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనా భాషగా ఉండేది. అందుకు అవసరమైన గ్రంథాలను సిద్ధం చేయడానికి ఒక అనువాద విభాగాన్ని కూడా నెలకొల్పారు. కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. దీని కార్యాలయం హిమాయత్‌నగర్‌లో ఉన్నది. 2021-22 విద్యా సంవత్సరంలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రాంతీయ భాషలలో ఇంజనీరింగ్ విద్యను అనుమతించినప్పుడు, ఆ భాషలలో తెలుగు కూడా ఒకటి.

ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్న దబ్బల రాజ్ రెడ్డి చిత్తూరు ప్రాంతంలోని కాటూరు గ్రామంలో జన్మించిన తెలుగువాడు. ఈ పురస్కారం పొందిన ఆసియా సంతతి వారిలో ఆయన ఒకరు.

ఏ భాషతో మొదలుపెట్టాలి

ప్రారంభకుల కోసమే రూపొందిన భాషలు కొన్ని ఉన్నాయి. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ తయారుచేసిన బేసిక్ వీటిలో ప్రసిద్ధమైనది. 1967 నాటి లోగో, 1970 నాటి పాస్కల్ కూడా బోధనను దృష్టిలో ఉంచుకొని వచ్చినవే. నేడు ప్రారంభకులకు ఎక్కువగా సూచించబడే భాషలు ఇవి.

* స్క్రాచ్ (2007): ఆదేశాలను టైపు చేయకుండా, రంగు దిమ్మెలను ఒకదాని కింద ఒకటి పేర్చి ప్రోగ్రాము తయారుచేస్తారు. పాఠశాల పిల్లలకు అనుకూలం.
* పైథాన్ (1991): గైడో వాన్ రాసమ్ రూపొందించినది. రాత తక్కువ, చదవడం సులువు. పెద్దలకు మొదటి భాషగా తగినది.
* సీ (1972): డెన్నిస్ రిచీ బెల్ ప్రయోగశాలలో రూపొందించినది. కంప్యూటరు జ్ఞాపకశక్తి ఎలా పనిచేస్తుందో దీని ద్వారా బాగా తెలుస్తుంది. ఇంజనీరింగ్ విద్యార్థులకు తప్పనిసరి వంటిది.
* జావా (1995): ఉద్యోగ రంగంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది. మొదటి రోజే అనేక భావనలు ఎదురవుతాయి కనుక రెండవ భాషగా తీసుకోవడం సులభం.

ఏ భాషను ఎంచుకున్నా, కనీసం కొన్ని నెలలు దానినే పట్టుకొని ఉండడం ముఖ్యం. వారానికొక భాష మార్చేవారికి ఏ ఒక్కటీ పట్టుబడదు.

అభ్యాస క్రమం

ప్రోగ్రామింగ్ భావనలను సాధారణంగా ఈ వరుసలో నేర్చుకుంటారు: విలువలు, చలరాశులు, షరతులు, పునరావృత్తులు, జాబితాలు, ప్రమేయాలు, ఫైళ్ళు. ప్రతి భావనకు పుస్తకంలోని ఉదాహరణను చూడకుండా తిరిగి రాయడం, తరువాత దానిలో ఒక మార్పు చేసి ఫలితాన్ని ముందుగానే ఊహించడం, ఆపై నడిపి చూడడం మంచి పద్ధతి. ఊహ తప్పినచోటే అసలు నేర్చుకోవడం జరుగుతుంది.

ఒక ఉదాహరణ

కరెంటు బిల్లు లెక్కను తీసుకొనవచ్చును. మొదటి 100 యూనిట్లకు యూనిటుకు 2 రూపాయలు, ఆపై వాడిన యూనిట్లకు యూనిటుకు 5 రూపాయలు అనుకుందాం (ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే). కాగితం మీద అంచెలను ఇలా రాసుకోవాలి.

1. వాడిన యూనిట్ల సంఖ్యను తీసుకో.
2. యూనిట్లు 100 గాని, అంతకు తక్కువ గాని అయితే: బిల్లు = యూనిట్లు × 2.
3. లేకపోతే: బిల్లు = (100 × 2) + (యూనిట్లు − 100) × 5.
4. బిల్లును చూపించు.

తరువాత దీనిని పరీక్షించాలి. 0 యూనిట్లకు 0, 100 యూనిట్లకు 200, 101 యూనిట్లకు 205, 150 యూనిట్లకు 450 రూపాయలు రావాలి. చాలామంది ప్రారంభకులు మూడవ అంచెలో మొత్తం యూనిట్లను 5తో గుణిస్తారు. అప్పుడు 101 యూనిట్లకు 505 రూపాయలు వస్తుంది. అనగా ఒక్క యూనిటు ఎక్కువ వాడినందుకు బిల్లు 305 రూపాయలు పెరిగినట్లు. ఈ ప్రోగ్రాము ఏ దోష సందేశమూ ఇవ్వకుండానే నడుస్తుంది. రాతలోని తప్పును యంత్రం చూపిస్తుంది గాని, ఆలోచనలోని తప్పును మనిషే పట్టుకోవాలి. 100, 101 వంటి సరిహద్దు విలువలతో పరీక్షించడం అందుకే అవసరం. పై ప్రోగ్రామునే ఒక వీధిలోని అన్ని ఇళ్ళకు లెక్కకట్టేలా పెంచితే పునరావృత్తి, జాబితా అనే భావనలు వాటంతటవే అవసరమవుతాయి.

తెలుగు అక్షరాలతో అభ్యాసం

తెలుగు పాఠ్యంతో చేసే అభ్యాసాలు కూడా ఎంతో ఉపయోగకరం. ఉదాహరణకు "తెలుగు" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయని పైథాన్‌ను అడిగితే 6 అని చెబుతుంది. మనకు కనిపించేవి మూడే. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వేరువేరు సంకేతాలుగా ఉండడం దీనికి కారణం. "కృష్ణ" అనే రెండక్షరాల మాటలో ఇదే లెక్కన 5 సంకేతాలు ఉంటాయి. మాటను తిరగేసి రాసే సులభమైన ప్రోగ్రాము ఇంగ్లీషుకు సరిగా పనిచేసి తెలుగుకు విఫలమవుతుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులు తమ హల్లుల నుండి విడిపోతాయి. దీనిని సరిదిద్దే ప్రయత్నం చేసిన విద్యార్థికి కంప్యూటరు పాఠ్యాన్ని ఎలా దాచుకుంటుందో స్పష్టంగా తెలుస్తుంది.

సాధారణ పొరపాట్లు

* పాఠాల వీడియోలు చూస్తూ పోవడం, చేతితో ఏమీ రాయకపోవడం. ఈత గురించి ఎంత విన్నా నీటిలో దిగనిదే ఈత రాదు.
* దోష సందేశాన్ని చదవకుండా మూసివేయడం. అందులో తప్పు జరిగిన వరుస సంఖ్య సాధారణంగా ఉంటుంది.
* ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టడం. ప్రశ్నను కొద్దిగా మార్చినా ఈ పద్ధతి పనిచేయదు.
* కృత్రిమ మేధ ఇచ్చిన ప్రోగ్రామును అర్థం చేసుకోకుండా యథాతథంగా సమర్పించడం.

శిక్షణ కేంద్రం ఎంపిక

శిక్షణ కేంద్రానికి వెళ్ళడం తప్పనిసరి కాదు. క్రమశిక్షణ, తోటివారి సాంగత్యం కోరుకునేవారికి ఉపయోగపడుతుంది. గ్రామాల నుండి వచ్చే విద్యార్థులకు రుసుముతోపాటు హాస్టలు ఖర్చు కూడా భారమే కనుక, చేరేముందు కొన్ని విషయాలు గమనించాలి. ఒకటి రెండు తరగతులు కూర్చొని చూడనిస్తారా, విద్యార్థి స్వయంగా ప్రోగ్రాము రాసే సమయం ఎంత, రాసినదానిని ఎవరైనా చదివి దిద్దుతారా అని అడగాలి. ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనలను, లేని అనుభవాన్ని ఉన్నట్లు చూపే పత్రాలు సమకూరుస్తామనే వారిని నమ్మరాదు. అటువంటి పత్రాలు బయటపడితే ఉద్యోగం పోవడమే కాక చట్టపరమైన చిక్కులు కూడా ఎదురవుతాయి.

స్థానిక వనరులు

అబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటల మీద అమ్మే పాత పుస్తకాలలో కంప్యూటర్ పుస్తకాలు కూడా దొరుకుతాయి. వీటిని కొనేటప్పుడు ముద్రణ సంవత్సరాన్ని చూడాలి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ఆ పుస్తకాలలోని అనేక ఉదాహరణలు నేటి పైథాన్‌లో నడవవు. పాత టర్బో సీ పుస్తకాలలోని కొన్ని ఆదేశాల విషయంలోనూ ఇంతే. అల్గారిథంలు, గణితం, తర్కం గురించిన పుస్తకాలు మాత్రం పాతవైనా పనికివస్తాయి.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చదువుకోవడానికి అనువైన ప్రదేశాలు. అంతర్జాలంలో ఎన్.పి.టి.ఇ.ఎల్., 2017లో ప్రారంభమైన స్వయం పాఠాలు ఉచితంగా లభిస్తాయి. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలలో కొన్ని తెలుగు వ్యాఖ్యానంతో కూడా ఉన్నాయి. సొంత కంప్యూటరు లేనివారు కాగితం మీద అంచెలు రాసుకొని, కళాశాల ప్రయోగశాలలో గాని, స్మార్ట్‌ఫోనులో గాని నడిపి చూసుకోవచ్చును.

ఇవి కూడా చూడండి

* హిమాయత్‌నగర్
* తెలుగు అకాడమి
* రాజ్ రెడ్డి
* పైథాన్
* యూనికోడ్
* అమీర్‌పేట