మాంచెస్టరులో ఒక బుధవారము

యూనిక్సు అను కంప్యూటరు నిర్వాహక వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. దాని నిర్మాతలైన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1974లో ప్రకటించిన వ్యాసములో తమ వ్యవస్థ విశేషములలో పరికర ఫైళ్లను ప్రత్యేకముగా పేర్కొనిరి. టేపు యంత్రము గాని, డిస్కు గాని, టెర్మినలు గాని, ప్రతిదియు ‘డెవ్’ అను డైరెక్టరీలో ఒక ఫైలు పేరుతో కనబడును. ఉత్తరమున్న ఫైలును ఎట్లు చదువుదురో టేపును కూడ అట్లే చదువవచ్చును. విచిత్రమేమన, ఈ ఫైలులో సమాచారమేమియు ఉండదు. పరికరము ఏ తరగతికి చెందినదో తెలుపు గుర్తు, రెండు సంఖ్యలు, అంతే. మొదటి సంఖ్య యే డ్రైవరును పిలువవలెనో చెప్పును. రెండవది ఆ జాతి పరికరములలో అది యెన్నవదో చెప్పును. ఇది తలుపుమీది నంబరు వంటిది. నంబరు చెరిపినంతమాత్రమున ఇల్లు కూలదు, కాని తపాలా బంట్రోతు ఆ యింటికి చేరలేడు.

ఈ నంబర్లన్నియు ఒక్కసారిగా చెరిగిపోయిన ఉదంతము ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున జరిగినది. ఆ పని చేసినవారిలో ఒకరైన మారియో వొల్చ్‌కో దానిని గ్రంథస్థము చేసెను. 1986 అక్టోబరు 1, బుధవారము, మధ్యాహ్నము మూడుంబావు. ఒక సహోద్యోగి తపాలా పంపబోగా అది పోలేదు. వాడుకదార్ల పట్టికను చూడబోగా ఆ పట్టికయే లేదు. ఫైళ్ల జాబితా నిచ్చు ‘ఎల్ఎస్’ ఆజ్ఞ నియ్యగా అదియు లేదని యంత్రము బదులు చెప్పెను.

కారణము వెంటనే బయటపడినది. క్రొత్తగా చేరిన ప్రోగ్రామరు ఒకడు సర్వాధికారి హోదాలో ‘సీడీ’ అని మాత్రము కొట్టి, పిమ్మట అన్నిటిని తుడుచు ‘ఆర్ఎం’ ఆజ్ఞ నిచ్చెను. ఏ పేరును చెప్పక ‘సీడీ’ అన్నచో యంత్రము ఎవరి సొంత డైరెక్టరీకి వారిని చేర్చును. సర్వాధికారి సొంత డైరెక్టరీ ఆ యంత్రములో మూల డైరెక్టరీయే! తుడుపు అక్షరక్రమమున సాగినది. ‘బిన్’, ‘డెవ్’, ‘ఈటీసీ’, ‘లిబ్’ పూర్తిగా పోయినవి. ‘న్యూస్’ డైరెక్టరీలో నుండగా ఆతడు ఆపివేసెను గనుక ‘టెంప్’, ‘యూఎస్ఆర్’, వాడుకదార్ల ఫైళ్లు దక్కినవి.

నాలుగు వారముల క్రిందటి నకలు టేపు ఒకటి బీరువాలో దొరికినది. కాని దానిని చదువుట యెట్లు? టేపు యంత్రమునకు పరికర ఫైలు లేదు. పరికర ఫైలును సృష్టించు ‘మెక్‌నోడ్’ ప్రోగ్రాము ‘ఈటీసీ’తో పోయినది. టేపునుండి ఫైళ్లను తిరిగి నింపు ‘రిస్టోర్’ కూడ అందులోనిదే. (బర్కిలీ యూనిక్సులో పరికర ఫైళ్లన్నిటిని తయారుచేయు ‘మేక్‌డెవ్’ అను ఆజ్ఞల పట్టిక ‘డెవ్’లోనే ఉండెడిది. తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి తాళము వేసినట్లున్నది.) మూల టేపుతో అంతయు మొదటినుండి నిర్మింతమన్న, డిస్కు మొత్తము చెరిగిపోవునేమో యని భయము. వాడుకదార్ల ఫైళ్లకు నకళ్లు తీయునది ప్రతి గురువారము, ఇదియో బుధవారము. డాక్టరేటు సిద్ధాంత గ్రంథములు ముగింపు దశలో నున్న విద్యార్థులు కొందరు ఆ యంత్రముపైననే వ్రాయుచుండిరి. వారి వారము రోజుల శ్రమ ఆ డిస్కుపై నున్నది.

ఇచ్చట యూనిక్సు స్వభావము ఒకటి అక్కరకు వచ్చినది. ఫైలును తుడుచుట యనగా పేరును తీసివేయుట మాత్రమే. నడుచుచున్న ప్రోగ్రాము తాను ముందే తెరచిన టెర్మినలును పేరు పోయినను వాడుకొనుచునే యుండును. కావున వొల్చ్‌కో కిటికీలలో ఒకదానిలో నడుచుచున్న ‘ఈమాక్స్’ అను లేఖన ప్రోగ్రాము చెక్కుచెదరలేదు. అపాయము తెచ్చిన టెర్మినలు కూడ ఇంకను సర్వాధికారి హోదాలోనే ఉన్నది. దానిని మూసియుండినచో మరల ఆ హోదా పొందు మార్గమే లేదు, ఏలయన ‘ఎస్‌యూ’ కూడ పోయినది.

పొరుగున మరియొక వ్యాక్స్ యంత్రము కలదు. ‘ఈటీసీ’ డైరెక్టరీని, అందులో యంత్రముల పేర్ల పట్టికను నిలిపినచో తక్కిన ఫైళ్లను ఆ యంత్రమునుండి తీగమీదుగా తెచ్చుకొనవచ్చును. కాని డైరెక్టరీని చేయు ‘మెక్‌డిర్’ లేదు, కంపైలరు లేదు. వ్యాక్స్ అసెంబ్లీ భాష తెలిసినవా డొకడు ఆ సమయమునకు వచ్చి చేరుట అదృష్టము. ఆ డైరెక్టరీని సృష్టించుటకు పండ్రెండు పంక్తులకు అటునిటుగా ప్రోగ్రామును గంటసేపు శ్రమించి రెండవ యంత్రముపై తయారుచేసిరి. తయారైన ప్రోగ్రాము 76 బైట్లు. దానిని షోడశాంక పద్ధతిలో 152 అంకెలుగా మార్చి, ఈమాక్స్‌లో చేతితో కొట్టి, మరల యంత్రభాషగా మార్చిరి. రెండు యంత్రములలోని మొత్తములు సరిపోయినవి.

ఇంకొక చిక్కు. ఫైలుకు నడుచు అనుమతి నిచ్చు ‘సీహెచ్‌మోడ్’ కూడ లేదు గదా! అంతకుముందే అనుమతి యున్న ఒక పాత ప్రోగ్రాముపైన ఈ 76 బైట్లను వ్రాసి ఆ చిక్కును దాటిరి. మొత్తము వృత్తాంతములో ఇంతకంటె చక్కని ఉపాయము లేదు. ‘ఈటీసీ’ వెలసినది. పట్టికలను ఈమాక్స్‌తో వ్రాసిరి. తీగమీదుగా ‘బిన్’ తిరిగి వచ్చెను. వెంట ‘ఆర్ రిస్టోర్’ అను ప్రోగ్రామును వచ్చెను. దీని సహాయముతో నకలు టేపునుండి ‘డెవ్’ డైరెక్టరీని తిరిగి నింపిరి. సిద్ధాంత గ్రంథములలో ఒక్క పుటయు పోలేదు.

నేటి లినక్సు యంత్రములలో ‘డెవ్’ సాధారణముగా డిస్కుపై నుండదు. 2009లో చేరిన ‘డెవ్ టెంప్ ఎఫ్ఎస్’ అను ఏర్పాటు వలన కెర్నెలే యంత్రము మొదలైనప్పుడెల్ల పరికర ఫైళ్లను జ్ఞాపకశక్తిలో నిర్మించును. అట్టి యంత్రములో పరికర ఫైళ్లు చెరిగిన, మరల ప్రారంభించిన చాలును. ‘బిన్’, ‘ఈటీసీ’ పోయినచో మాత్రము నేటికిని నకలే గతి.