జీతం పెరిగితే ఇల్లు ఖాళీ చెయ్యాలా?

కిందటి సంక్రాంతికి గుళ్ళో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. మేమంతా బాబాయిగారూ అంటాం. ఆయన పనిచేసే కిరాణా స్టోర్లో మేనేజరు పని ఇస్తామన్నారట, ఈయన వద్దన్నారట. "జీతం పెరిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు నాయనా, ఏటా జీతం కాగితాలు అడిగేది అందుకే గదా" అన్నారు.

వాళ్ళుండేది టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్. ఇలాంటి ఇళ్ళకి ఆదాయం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో నేను రెండేళ్ళు కన్సల్టెంటుగా ఉన్నాను. బాబాయిగారిది ఉత్త భయం కాదు, దానికో చరిత్ర ఉంది.

1937లో వాగ్నర్-స్టీగల్ చట్టం వచ్చినప్పుడు ప్రభుత్వపు ఇళ్ళకి లెక్క చాలా సులువు. కుటుంబం ఆదాయం అద్దెకి ఐదు రెట్లు మించకూడదు. ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది పిల్లలుంటే ఆరు రెట్లు. చేరిన తర్వాత ఆదాయం పెరిగినవాళ్ళని ఖాళీ చేయించడం 1940లు, 50లలో మామూలే. బాబాయిగారు భయపడింది సరిగ్గా ఆ కాలపు రూలుకి!

తర్వాత అద్దెలే భారమయ్యాయి. 1969లో సెయింట్ లూయిస్‌లో ప్రభుత్వపు ఇళ్ళవాళ్ళు అద్దె కట్టకుండా సమ్మె చేశారు. ఆదాయంలో సగానికి పైగా అద్దెకే పోయేవాళ్ళు అందులో ఉన్నారు. ఆ ఏడాదే మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ పేరుతో వచ్చిన సవరణ అద్దెని ఆదాయంలో 25 శాతానికి కట్టేసింది. 1981లో దాన్ని 30 చేశారు.

1986 అక్టోబరు 22న రీగన్ సంతకం చేసిన పన్నుల చట్టంతో దారి మారింది. ప్రభుత్వం తానే కట్టకుండా, కట్టినవాళ్ళకి పదేళ్ళపాటు పన్నులో తగ్గింపు ఇస్తుంది. బదులుగా కనీసం 20 శాతం ఇళ్ళు ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగం లోపువాళ్ళకో, 40 శాతం ఇళ్ళు 60 శాతం లోపువాళ్ళకో ఇవ్వాలి. 2018లో సగటు లెక్క అని మూడో దారి కలిపారు.

ఇక్కడే కాగితాల గొడవ మొదలు. ఫైల్లో తప్పుంటే రాష్ట్రపు హౌసింగ్ ఏజెన్సీ ఐఆర్ఎస్‌కి రాస్తుంది, యజమాని క్రెడిట్ పోవచ్చు. అందుకే లీజింగ్ ఆఫీసులో అమ్మాయి పే స్టబ్బులు చాలవని మీ మేనేజరు సంతకం కూడా అడుగుతుంది. చూసేది నిరుటి ఆదాయం కాదు, రాబోయే 12 నెలలది. గంటకి 18 డాలర్లయితే 2,080 గంటలకి 37,440. మనం ఇండియాకి పంపే డబ్బు ఇందులోంచి తగ్గించరు. ఊళ్ళో పొలం ఉంటే ఆస్తిగా రాయాలి. పిన్నిగారు చేతికి వేసుకునే గాజులు రాయక్కర్లేదు (ఇది చెప్పాక ఆవిడ మొహం చూడాలి). అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయిన ఇంటికి, కొన్ని మినహాయింపులు తప్ప, అర్హత లేదు. నలుగురు ఎమ్మెస్ కుర్రాళ్ళు కలిసి తీసుకుందామంటే కుదరదన్నమాట.

అయితే ఈ చట్టంలో రెండు సంగతులు బాబాయిగారికి ఎవరూ చెప్పలేదు. ఒకటి, ఇక్కడ అద్దె పై హద్దుని కట్టేది ఆదాయపు హద్దుని బట్టి, మీ సొంత జీతాన్ని బట్టి కాదు. రెండోది, చేరాక జీతం పెరిగిందని పొమ్మనక్కర్లేదు. ఆదాయం హద్దుకి 140 శాతం దాటితే, ఆ బిల్డింగులో తర్వాత ఖాళీ అయ్యే అలాంటి ఇంటిని అర్హులకి ఇస్తే సరిపోతుంది. ఆ పైన మీ అద్దె మాత్రం మార్కెట్ ధరకి పెరగొచ్చు, అది దాచకూడదు. ఇద్దరికి హద్దు 40 వేలనుకుంటే 140 శాతమంటే 56 వేలు. మేనేజరు పనికి గంటకి 22 ఇచ్చినా 45,760 దాటదు.

అన్నీ టాక్స్ క్రెడిట్ ఇళ్ళే ఉన్న చోట ఏటేటా ఆదాయం మళ్ళీ ధ్రువీకరించాలన్న ఫెడరల్ రూలు 2008 జులై చట్టంతో పోయింది. బాబాయిగారి కాంప్లెక్సులో మామూలు అద్దె ఇళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి ఆయనకి కాగితాలు తప్పవు.

ఇదంతా వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కాగితం మీద వేసి చూపించాను. బాబాయిగారు రెండుసార్లు కూడుకుని చూసుకున్నారు. మర్నాడు స్టోర్లో అడిగితే ఆ పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. వేసవిలో ఇంకో బ్రాంచి తెరుస్తున్నారని, దానికి పేరు ఇచ్చి వచ్చానని ఫోన్ చేశారు.