ఆకలికి కారణం వెదికే విద్యార్థులు



ఆకలి సమస్య అనగానే మనకు ప్రభుత్వాలు, ధాన్యపు గిడ్డంగులు, పేరుమోసిన శాస్త్రవేత్తలు గుర్తుకు వస్తారు. పదో తరగతో, ఇంటర్మీడియటో చదివేవారు ఇందులో చేయగలిగింది ఏముంటుందని మీకు అనిపించవచ్చు. చందాలు పోగుచేసి అన్నదానం చేయడం ఒక్కటే మార్గమని కూడా అనుకోవచ్చు. అన్నదానం మంచి పనే. కానీ అది ఈ పూట ఆకలిని తీరుస్తుంది. రేపటి ఆకలి ఎందుకు వస్తోందో తెలియాలంటే ప్రశ్న వేయాలి, కొలవాలి, లెక్క రాసుకోవాలి. దీనినే పరిశోధన అంటాం.

2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఇంత పెద్ద సమస్య ముందు ఒక విద్యార్థి పరిశోధనకు విలువ ఏమిటి? దీనికి సమాధానం కోసం నూట ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్దాం.

అయోవాలో ఒక కుర్రవాడి ప్రయోగం

అమెరికాలోని అయోవా రాష్ట్రం మొక్కజొన్నకు ప్రసిద్ధి. 1900 ప్రాంతంలో అక్కడ మొక్కజొన్న కండెలకు అందాల పోటీలు జరిగేవి. గింజల వరుసలు తిన్నగా ఉండి, ఆకారం చక్కగా ఉన్న కండెకు బహుమతి ఇచ్చేవారు. అందమైన కండె గింజల్ని విత్తితే పంట కూడా బాగా పండుతుందని అందరి నమ్మకం. పి.జి. హోల్డెన్ అనే వ్యవసాయ ఆచార్యుడు ఈ పోటీలకు న్యాయనిర్ణేతగా ఉండేవారు.

హెన్రీ వాలెస్ అనే ఉన్నత పాఠశాల విద్యార్థికి ఈ నమ్మకంపై సందేహం కలిగింది. వాలెస్ 1888లో పుట్టాడు. చిన్నతనంలోనే అతనికి మంచి గురువు దొరికారు. బానిసత్వంలో పుట్టి, చదువుకుని వృక్షశాస్త్రవేత్త అయిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఆ పిల్లవాడిని వెంట తీసుకెళ్లి మొక్కలను గమనించడం నేర్పారు. ఆ అలవాటు అతన్ని వదల్లేదు.

1904లో హోల్డెన్ అతనికి 33 కండెలు ఇచ్చి, కావాలంటే పరీక్షించి చూసుకోమన్నారు. వాలెస్ ఏ కండె గింజల్ని ఆ కండెవిగానే విడివిడి సాళ్లలో విత్తాడు. కోత తరువాత ఒక్కొక్కదాని దిగుబడిని వేరువేరుగా తూచాడు. ఆచార్యుడు అన్నిటికన్నా మేలైనదని చెప్పిన కండె దిగుబడిలో అట్టడుగున ఉన్నవాటిలో చేరింది. చూడడానికి అంతగా బాగులేని కండెలు కొన్ని ఎక్కువ పండాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ విద్యార్థి దగ్గర ప్రయోగశాల లేదు. ఉన్నవి కొంత నేల, ఒక తక్కెడ, ఒక నోటు పుస్తకం. వీటికి తోడు, పెద్దలు చెప్పినదాన్ని తూచి చూసుకోవాలనే పట్టుదల ఉంది. వాలెస్ తరువాతి కాలంలో సంకర మొక్కజొన్న విత్తనాల కంపెనీ స్థాపించాడు. 1933లో అమెరికా వ్యవసాయ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు అయ్యాడు.

మెక్సికో నుంచి మన పొలాలకు

1940 చివరిలో వాలెస్ మెక్సికో వెళ్లాడు. అక్కడి రైతులు ఎంత కష్టపడినా ఎకరాకు పండేది చాలా తక్కువగా ఉండటం చూశాడు. తిరిగి వచ్చాక రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారితో ఈ విషయం చర్చించాడు. ఫలితంగా 1943లో మెక్సికోలో వ్యవసాయ పరిశోధన పథకం మొదలైంది. మరుసటి ఏడాది అందులో చేరిన యువ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్. ఆయన కూడా అయోవాలోని రైతు కుటుంబంలో పుట్టినవాడే.

ఆ రోజుల్లో మెక్సికో గోధుమ పంటను తుప్పు తెగులు నాశనం చేస్తుండేది. బోర్లాగ్ శీతకాలంలో ఉత్తరాన సొనోరా మైదానంలో ఒక పంట, వేసవిలో తొలూకా దగ్గర ఎత్తైన ప్రాంతంలో మరొక పంట వేశారు. ఆ విధంగా ఏడాదికి రెండు తరాల మొక్కలను పరీక్షించగలిగారు. తెగులును తట్టుకునే వంగడాలు వచ్చాయి. అయితే మరొక చిక్కు ఎదురైంది. ఎరువు ఎక్కువ వేస్తే పొడవైన గోధుమ మొక్క వెన్ను బరువుకు పడిపోయేది. జపాన్‌కు చెందిన నోరిన్ 10 అనే పొట్టి రకంతో సంకరం చేసి, పడిపోని మొక్కలను సాధించారు. 1956 నాటికి మెక్సికో గోధుమలో స్వయంసమృద్ధి పొందింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది మరణించారు. ఆనాటి వార్తలు కుంభకోణానికి చెందిన ఒక విద్యార్థిని కలచివేశాయి. వైద్యం చదవాలనుకున్న ఆ యువకుడు వ్యవసాయ శాస్త్రం వైపు మళ్లాడు. ఆయనే ఎం.ఎస్. స్వామినాథన్. 1960వ దశకంలో ఢిల్లీలోని పూసా సంస్థలో ఆయన, ఆయన సహచరులు బోర్లాగ్‌తో కలిసి పొట్టి గోధుమ రకాలను మన రైతుల పొలాల్లోనే పండించి చూపించారు.

1965లోను, 1966లోను వర్షాలు దెబ్బతీశాయి. 1966లో మనం దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరమే మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. 1964-65లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న గోధుమ ఉత్పత్తి 1967-68లో 1.65 కోట్ల టన్నులకు చేరింది. 1970లో బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ధాన్యం పెరిగితే ఆకలి తీరినట్లేనా?

కథ ఇక్కడితో ముగిస్తే మీకు సగం చరిత్రే చెప్పినట్లవుతుంది. బెంగాల్ కరువు నాటికి అమర్త్య సేన్ తొమ్మిదేళ్ల బాలుడు. ఆర్థికవేత్త అయ్యాక ఆయన ఆనాటి లెక్కలను మళ్లీ పరిశీలించారు. 1981లో వెలువడిన గ్రంథంలో ఆయన చెప్పినది ఇది: ఆ ఏడాది బెంగాల్‌లో తిండిగింజలు మొత్తంగా మరీ అంతగా తగ్గలేదు. ధరలు విపరీతంగా పెరిగాయి. కూలీలు, జాలరులు, చేతివృత్తులవారు కొనుక్కునే శక్తి కోల్పోయారు. అందువల్ల అంగట్లో బియ్యం ఉన్నా వారి కుండలో లేకపోయింది.

అంటే ఎంత పండిందని అడిగితే సరిపోదు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని కూడా అడగాలి. 2023-24లో మన దేశం 33 కోట్ల టన్నులకు పైగా ఆహారధాన్యాలు పండించింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. గోధుమ, వరి ముందుకు వచ్చిన కొద్దీ జొన్న, సజ్జ, కొర్ర వంటివి చాలా ఇళ్లలో వెనక్కి పోయాయి. కొన్ని ప్రాంతాల్లో భూగర్భ జలాలు అడుగంటాయి. హరిత విప్లవం ఒక ప్రశ్నకు జవాబు ఇచ్చింది, కొన్ని కొత్త ప్రశ్నలను మిగిల్చింది.

మళ్లీ విద్యార్థుల దగ్గరికి

ఆహార రంగంలో కృషికి ప్రత్యేకంగా ఒక బహుమతి ఉండాలని బోర్లాగ్ తలచారు. 1986లో ప్రపంచ ఆహార బహుమతి ఏర్పడింది. 1987లో మొదటి బహుమతిని అందుకున్నది మన స్వామినాథనే. 1994లో బోర్లాగ్, వ్యాపారవేత్త జాన్ రువాన్ కలిసి అయోవాలో ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం ఒక యువ వేదికను ప్రారంభించారు.

దాని పద్ధతి తేలికైనదే. విద్యార్థి ఒక దేశాన్ని ఎంచుకుంటాడు. అక్కడి ఒక సాధారణ కుటుంబం ఏమి తింటుంది, ఎంత సంపాదిస్తుంది, పిల్లలు ఎక్కడ చదువుతారు అన్నది తెలుసుకుంటాడు. ఆ కుటుంబానికి తిండి కొరత తెచ్చే ఒక కారణాన్ని, ఉదాహరణకు నీటి ఎద్దడిని, తీసుకుని వ్యాసం రాస్తాడు. పరిష్కారం సూచిస్తాడు. దానిని శాస్త్రవేత్తల ఎదుట వినిపించి, వారి ప్రశ్నలకు జవాబు చెబుతాడు. 1998 నుంచి ఎంపికైన విద్యార్థులను ఇతర దేశాల పరిశోధన కేంద్రాలకు పంపడం మొదలైంది. అలా వచ్చిన వారిలో చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థలో పనిచేసినవారూ ఉన్నారు.

మన దేశంలో 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఇదే మార్గంలో నడిచింది. స్థానిక సమస్యను తీసుకుని, పిల్లలు తామే పరిశీలించి నివేదిక రాయడం దాని ఆశయం.

మీ ఊరిలో మీరు

మీరు వేరే దేశాన్ని వెదకనక్కర్లేదు. మీ మధ్యాహ్న భోజనంలో రోజూ ఏది ఎక్కువగా మిగులుతోందో రెండు వారాల పాటు తూచండి. మీ అమ్మమ్మ చిన్నప్పుడు తిన్న గింజలు, కూరలు ఏవి, ఇప్పుడు మీ ఇంట్లో వండేవి ఏవి అని రెండు పట్టికలు వేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ఆహార పోషక విలువల పట్టికలతో వాటిని పోల్చండి. కోసిన కూరగాయల్లో సంతకు చేరేలోపు ఎన్ని పాడవుతున్నాయో రైతును అడిగి లెక్క కట్టండి.

ఒక జాగ్రత్త మరవకండి. ఇంట్లో తిండి లేదని చెప్పుకోవడం ఎవరికైనా తలవంపుగా ఉంటుంది. అందుకే ముందు అనుమతి అడగండి. చెప్పనన్నది గుచ్చి అడగకండి. నివేదికలో పేర్లు రాయకండి. తెలుసుకున్నది మళ్లీ వెళ్లి వారికే ముందుగా చెప్పండి. అలాగే మీరు అనుకున్న ఫలితం రాకపోతే అంకెలు మార్చకండి. అనుకోని ఫలితమే వాలెస్ చేత కొత్త దారి పట్టించిందని గుర్తుంచుకోండి.

ఒక విద్యార్థి నివేదికతో ప్రపంచంలో ఆకలి పోదు. 1904లో తూచిన కండెల వల్ల కూడా పోలేదు. అయితే తూచి చూసుకోవడం నేర్చిన ఆ కుర్రవాడే పెద్దయ్యాక మెక్సికో రైతు పంటను చూసి కారణం అడిగాడు. అలా మొదలైన పని మరెందరో శాస్త్రవేత్తల, రైతుల చేతుల మీదుగా మన పొలాల వరకూ వచ్చింది. బియ్యం పండించే ఊళ్లో కూడా ఒక బిడ్డ ఎందుకు బక్కచిక్కి ఉందన్న ప్రశ్న మన ముందు ఇంకా ఉంది. దానిని మీ వీధి నుంచే అడగడం మొదలుపెట్టండి.

ఆలోచించండి

1. అందమైన కండె ఎక్కువ పండుతుందన్న నమ్మకాన్ని వాలెస్ ఏ విధంగా పరీక్షించాడు? విడివిడి సాళ్లలో విత్తకపోతే ఏమయ్యేది?
2. ఒక ఊరిలో ధాన్యం సమృద్ధిగా ఉన్నా కొందరు ఆకలితో ఉండటానికి మీరు చూసిన కారణాలేవి?
3. పై కారణాలలో ఒకదాన్ని రెండు వారాల్లో కొలవడానికి మీకు ఏ పరికరాలు, ఎవరి సాయం కావాలి?